జన్యువు ఒక్కటే, బతుకు వేరు: విశాఖ తీరం నుంచి మన్యం దాకా

వరి మొక్కలో సుమారు 37 వేల జన్యువులు ఉన్నాయని 2005లో లెక్క తేలింది. ఆ అన్నం తినే మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు 20 వేలకు అటూ ఇటూగానే ఉన్నాయి. మట్టిలో బతికే మిల్లీమీటరు పొడవు నులిపురుగులోనూ దాదాపు అన్నే. మనిషి డీఎన్ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ను, చదవడానికి మానవ జీనోమ్ ప్రాజెక్టు 1990లో మొదలైనప్పుడు మనిషిలో లక్ష జన్యువులైనా ఉంటాయని చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నారు. 2001లో ముసాయిదా అచ్చయ్యే నాటికి ఆ అంచనా 30, 40 వేలకు పడిపోయింది. తరువాత ఇంకా తగ్గింది. మనిషి గొప్పతనం జన్యువుల లెక్కలో ఉంటుందని ఆశపడిన వారికి వరి చేనే సమాధానం చెప్పింది.

లెక్క తగ్గినా ఆశ తగ్గలేదు. 2000 జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ కలిసి ముసాయిదా సిద్ధమైందని ప్రకటించినప్పుడు ఇక జబ్బులన్నింటి మూలాలూ చేతికి చిక్కినట్టేనన్న ఉత్సాహం కనిపించింది. 2003 ఏప్రిల్‌లో పని ముగిసిందన్నారు. నిజానికి చదవడానికి లొంగని భాగాలు ఎనిమిది శాతం దాకా మిగిలాయి. అవి పూర్తయింది 2022లో. మగవారిలో ఉండే వై క్రోమోజోమ్ 2023 దాకా ఆగింది. ఇప్పుడు మొదటి నుంచి చివరి వరకు 300 కోట్ల పైచిలుకు అక్షరాలు మన ముందున్నాయి. అయినా ఒక మనిషి జీనోమ్ మొత్తం చదివి, అతడు ఎన్నేళ్లు బతుకుతాడో, ఏ జబ్బు పడతాడో కచ్చితంగా చెప్పగలిగినవారు లేరు.

ఇది యంత్రాల లోపం కాదు. జన్యువులో ఏ మార్పు ఉందన్నది సగం సమాచారమే. ఆ మనిషి ఏ దోమల మధ్య బతుకుతున్నాడు, ఎవరిని పెళ్లి చేసుకున్నాడు, ఏ మందు మింగాడు, ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది అన్నవి మిగతా సగం. దీన్ని చూడటానికి విదేశాల దాకా వెళ్లనవసరం లేదు. విశాఖపట్నం, దాని వెనక నిలబడిన తూర్పు కనుమలు, దక్షిణాన కాకినాడ వరకు ఉన్న తీరం చాలు.

ముందు కొన్ని ప్రాథమిక విషయాలు. శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. వాటిలోని డీఎన్ఏ నాలుగు రకాల రసాయన అక్షరాలతో సాగుతుంది: ఏ, టీ, జీ, సీ. ఇందులో ప్రోటీన్ల తయారీకి నేరుగా పనికివచ్చేది ఒకటిన్నర శాతం కూడా ఉండదు. మిగిలిన దానిని ఒకప్పుడు చెత్త అని కొట్టిపారేశారు. అందులో కొంత భాగం ఏ జన్యువు ఎప్పుడు, ఏ అవయవంలో, ఎంత పని చేయాలో నిర్ణయిస్తుందని తరువాత తెలిసింది. కాలేయంలోనూ మెదడులోనూ ఉన్న జీనోమ్ ఒకటే, పనిచేస్తున్న జన్యువులు వేరు. విశాఖ తీరంలోని పెదజాలారిపేటలో వల అల్లుతున్న మనిషికీ అరకులో కాఫీ పళ్లు కోస్తున్న మనిషికీ మధ్య జీనోమ్‌లో తేడా వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున ఉంటుంది. అంటే ఇద్దరూ 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కొద్దిపాటి తేడా మొత్తం మీద లక్షల అక్షరాలు. పుట్టిన ప్రతి బిడ్డలోనూ తల్లిలోగాని తండ్రిలోగాని లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. తండ్రి వయసు పెరిగే కొద్దీ అవి పెరుగుతాయి. బిడ్డ లోపాలకు తల్లి వయసునే తప్పుపట్టే పెద్దలు ఈ సంగతి గమనించడం మంచిది.

రక్తంలో ఒక అక్షరం

ఎర్ర రక్తకణాలలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కు రెండు రకాల గొలుసులు ఉంటాయి. బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. అందులో ఒకచోట జీఏజీ అని ఉండవలసింది జీటీజీ అయితే, 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరోది మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలిన్ వచ్చి కూర్చుంటుంది. మారింది ఒక్క అక్షరమే. కాని ఆక్సిజన్ తగ్గిన చోట ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాలలో చిక్కుకుంటుంది. ఎముకలలో భరించలేని నొప్పి, రక్తహీనత, పదేపదే ఇన్ఫెక్షన్లు, ప్లీహం దెబ్బతినడం, కొందరిలో పక్షవాతం దీని ఫలితాలు. అణువు స్థాయిలో మూలం తెలిసిన తొలి జబ్బు ఇదే. 1949లో లైనస్ పాలింగ్ బృందం దీన్ని అణువుకు వచ్చిన జబ్బు అన్నది. మారింది ఏ ముక్కో 1956లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు.

సికిల్ సెల్ (కొడవలి కణం) అని పిలిచే ఈ జబ్బు విశాఖ మన్యంలో కొత్తది కాదు. నీలగిరి గిరిజనులలో దీన్ని 1952లో గుర్తించిన తరువాత మధ్య భారతం, ఒడిశా, ఆంధ్ర ఏజెన్సీల దాకా దాని జాడ బయటపడింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది కాబట్టి ఇప్పుడది పరిపాలన లెక్కల్లో విశాఖ జిల్లా కాదు. అయినా జబ్బు ముదిరితే ఘాట్ రోడ్డు దిగి రోగులు చేరేది విశాఖ కేజీహెచ్‌కే.

తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఈ మార్పు వస్తేనే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే. సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, పొలం పని చేస్తాడు, తనలో ఆ జన్యువు ఉన్నట్టు కూడా తెలియదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. ఈ లెక్కను చాలామంది అపార్థం చేసుకుంటారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురూ క్షేమమని దీని అర్థం కాదు. ప్రతి కాన్పుకూ పాచిక మళ్లీ కొత్తగా పడుతుంది.

ఇంత హాని చేసే మార్పు వేల ఏళ్లుగా చెరిగిపోకుండా ఎందుకు నిలిచింది? జవాబు మలేరియాలో ఉంది. మలేరియాను దోమ మోస్తుందన్న రుజువు 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద దొరికింది. మలేరియా మనిషి జన్యువులనే మలచి ఉండవచ్చన్న ఆలోచన మాత్రం 1949లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ది. ఆయన తలసీమియాను (హిమోగ్లోబిన్ గొలుసులు తక్కువగా తయారయ్యే జబ్బు) దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాటను 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ జన్యువు విషయంలో నిరూపించాడు. ఒక్క కాపీ మాత్రమే ఉన్నవారికి ప్రాణాంతకమైన మలేరియా నుంచి తొంభై శాతం వరకు రక్షణ దొరుకుతుంది. మన్యం జ్వరం పేరు చెబితేనే మైదానంవారు, తెల్లదొరలు కొండ ఎక్కడానికి భయపడిన రోజుల్లో, ఆ కొండల్లోనే తరతరాలుగా బతికినవారి రక్తంలో ఈ కవచం ఉంది. దాని ఖరీదును రెండు కాపీలతో పుట్టిన పిల్లలు చెల్లించారు. అంటే ఈ జన్యువును మంచిది, చెడ్డది అని విడదీయడమే పొరపాటు. మలేరియా ఉన్నచోట ఒక కాపీ వరం. అదే మనిషి దోమలు తగ్గిన నగరానికి వలస వచ్చి స్థిరపడితే ఆ వరానికి పని ఉండదు, ముప్పు మాత్రం పిల్లలకు మిగులుతుంది.

హాల్డేన్‌కూ ఈ తీరానికీ ఉన్న సంబంధం తెలుగువారిలోనే చాలామందికి తెలియదు. 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశం వచ్చి, ఇక్కడి పౌరుడై, చివరకు భువనేశ్వర్‌లో స్థిరపడిన ఆయన 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో మరణించారు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వాలన్న కోరిక ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు. జన్యుశాస్త్రానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఒకరి అస్థిపంజరం విశాఖకు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని మీద ఒక్క పాఠమైనా మన బడి పుస్తకాలలో ఉండవలసింది.

మలేరియా మిగిల్చిన గుర్తు సికిల్ ఒక్కటే కాదు. గోదావరి ఏజెన్సీలోని కోయదొరల రక్తంలో ఆల్ఫా గొలుసుకు సంబంధించి మరో వింత కనిపించింది. 141 అమైనో ఆమ్లాల దగ్గర ఆగిపోవలసిన గొలుసు, ఆపమనే సంకేతంలో ఒక అక్షరం మారడం వల్ల ఆగకుండా ఇంకా ముందుకు సాగిపోతుంది. 1975లో పరిశోధన పత్రికకెక్కిన ఆ హిమోగ్లోబిన్ పేరు ప్రపంచమంతటా ‘హిమోగ్లోబిన్ కోయ దొర’. ఆల్ఫా తలసీమియా కూడా ఆంధ్ర గిరిజనులలో ఎక్కువే. చిత్రమేమిటంటే సికిల్ జబ్బు ఉన్న బిడ్డకే ఆల్ఫా తలసీమియా కూడా కలిస్తే రక్తహీనత కొంత తగ్గవచ్చు. భారతీయ సికిల్ రోగులలో చాలామందికి పసితనపు హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువ మోతాదులో మిగిలి ఉంటుంది. అదీ జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది. అందుకే ఒకే అక్షరం మారినా ఒక బిడ్డ నెలకోసారి ఆసుపత్రి పాలవుతుంటే, మరొకరు నలభై ఏళ్లు వచ్చేదాకా గుర్తించకుండానే బతికేస్తారు. ఇక్కడ ఒక జన్యువు ఫలితాన్ని వేరే జన్యువులు మార్చేస్తున్నాయి.

ఇంకొక జన్యువు జీ6పీడీ, ఎర్ర కణాలను కాపాడే ఒక ఎంజైమ్‌ను తయారుచేసేది. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి లోపం ఎక్కువగా మగవారిలో బయటపడుతుంది. ఇదీ మలేరియా ఉన్న ప్రాంతాలలోనే ఎక్కువ. రోజువారీ బతుకులో ఈ లోపం చాలామందిని ఇబ్బంది పెట్టదు. కాని వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర వేసుకుంటే ఎర్ర కణాలు పగిలిపోయి మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, రక్తం అమాంతంగా పడిపోతుంది. జబ్బు నుంచి కాపాడిన మార్పే ఆ జబ్బు మందును విషంగా మార్చిందన్నమాట.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా దీన్ని లేకుండా చేయాలన్నది లక్ష్యం. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. పెళ్లికి ముందు వధూవరుల కార్డులు కలిపి చూసుకుంటే ఇద్దరూ వాహకులా కాదా తెలుస్తుంది. ఆలోచన సరైనదే. ప్రమాదం అమలులో ఉంది. వాహకత్వం జబ్బు కాదన్న మాటను కార్డుతోపాటు గట్టిగా చెప్పకపోతే, అది అమ్మాయి పెళ్లికి అడ్డుగోడ అవుతుంది. వాహకులు వాహకులు కానివారిని పెళ్లి చేసుకుంటే పిల్లలెవరికీ సికిల్ ఎనీమియా రాదు. గ్రామంలో కార్డులు పంచే ఆరోగ్య కార్యకర్తకు ఈ ఒక్క వాక్యం కువి, కోదు, ఆదివాసీ ఒడియా భాషలలో చెప్పగలిగే శిక్షణ ఇవ్వడం, పరీక్ష కిట్లు కొనడమంత ముఖ్యం.

చికిత్స సంగతి. హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పి దాడులను బాగా తగ్గిస్తుంది, ఖరీదూ తక్కువే. రెండో కొసన జన్యు సవరణ ఉంది. 2023 చివరలో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్రిస్పర్ (డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స రోగి మూలకణాలను బయటకు తీసి, పసితనపు హిమోగ్లోబిన్‌ను అణచిపెట్టే మీటను ఆపి, తిరిగి ఎక్కిస్తుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బులో 18 కోట్ల రూపాయల పైమాటే. ఢిల్లీలోని జీనోమ్ పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు చవకైన దేశీయ పద్ధతి మీద పనిచేస్తున్నారు. అది వచ్చేలోగా మన్యంలో ప్రాణాలు నిలబెట్టేది పీహెచ్‌సీలో మాత్ర అయిపోకుండా చూసుకునే ఫార్మసిస్టే.

మేనరికం, కులం, మత్తుమందు

జన్యువుల గురించి తెలుగు ఇళ్లలో ఎక్కువగా చర్చ నడిచేది మేనరికం దగ్గర. మేనమామకు పిల్లనివ్వడం, మేనత్త కొడుకును చేసుకోవడం ఉత్తరాదివారికి విడ్డూరంగా తోస్తుంది, ఇక్కడ హక్కుగా చెల్లింది. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు పెళ్లిళ్ల దాకా దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి.

లెక్క ఇలా ఉంటుంది. మేనమామ, మేనకోడలు జన్యువులలో నాలుగో వంతు పంచుకుంటారు. వారి బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారింట ఒకటి. లోపమున్న కాపీ ఒకటే ఉంటే బయటపడని జబ్బులు ఇలా రెండూ కలిసినప్పుడు బయటపడతాయి. ఏ బంధుత్వమూ లేని జంటకు పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాల ముప్పు నూటికి రెండు మూడైతే, ఈ జంటలలో అది ఇంచుమించు రెట్టింపవుతుంది. ఈ అంకెను రెండు రకాలుగా వాడుకోవచ్చు. ముప్పు రెట్టింపు అని భయపెట్టవచ్చు, నూటికి తొంభై మందికి పైగా పిల్లలు మామూలుగానే పుడతారని ధైర్యమూ చెప్పవచ్చు. రెండూ నిజమే. కుటుంబంలో అప్పటికే వినికిడి లోపమో, కారణం తెలియని శిశు మరణాలో ఉంటే మాత్రం ఆ సగటు అంకెను పక్కన పెట్టి జన్యు సలహాదారుని కలవాలి.

ఆంధ్రలో మేనరికాల మీద తొలి లెక్కలలో ఒకటి 1963లో వచ్చింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు హాల్డేన్ శిష్యుడు, తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు. ఆయన పేరు మరో విషయంలోనూ పాఠ్యపుస్తకాలకెక్కింది. కొందరు మగవారికి చెవి అంచున మొలిచే వెంట్రుకలు వై క్రోమోజోమ్ ద్వారా తండ్రి నుంచి కొడుక్కు వస్తాయని 1960లో ఆయన వంశవృక్షాలతో చూపించారు. దశాబ్దాల పాటు విద్యార్థులు దీన్ని వల్లె వేశారు. 2004లో దక్షిణ భారతీయుల డీఎన్ఏ పరీక్షించి చూస్తే వై క్రోమోజోముతో ఆ లక్షణానికి పొంతన కుదరలేదు. చెవి వెంట్రుకల వంటి చిన్న సంగతిలోనే ఇంత తడబాటు ఉంటే, తెలివికి, కోపానికి జన్యువు దొరికిందన్న వార్తలను ఎంత జాగ్రత్తగా చదవాలో ఊహించవచ్చు.

మేనరికం మానేస్తే సమస్య తీరిపోతుందా? పూర్తిగా తీరదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో వెలువరించిన అధ్యయనం భారతీయులలో ఎక్కువమంది రెండు ప్రాచీన జనసమూహాల కలయికతో ఏర్పడ్డారని చెప్పింది. ఆ కలయిక తరువాత ఒక దశలో కులాల మధ్య పెళ్లిళ్లు ఆగిపోయాయి. అందులో ప్రత్యేకంగా కనిపించిన ఉదాహరణ ఆంధ్ర వైశ్యులది. రెండు మూడు వేల ఏళ్లుగా వారి పెళ్లిళ్లు దాదాపు సమూహం లోపలే జరిగాయి. మూలపురుషులు కొద్దిమందే అయినప్పుడు వారిలో ఎవరో ఒకరికి ఉన్న అరుదైన మార్పు, తరాలు గడిచేసరికి లక్షల మందిలోకి పాకుతుంది. గోత్రం వేరైనా, బంధుత్వం లేకపోయినా సరే.

వైశ్యులలో అలా పాకిన మార్పు సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం. ఇది ఉన్నవారికి పుట్టుక నుంచి ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద, గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడే తెలుస్తుంది. నాలుగైదు నిమిషాలలో పోవలసిన మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది. రోగి తనంతట తాను శ్వాస తీసుకోలేడు. సంగతి తెలిసిన మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు, లేదా మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచుతాడు, ప్రమాదం తప్పిపోతుంది. ఆ మందు కనిపెట్టక ముందు పుట్టి పోయిన తరాలకు ఈ లోపం ఉన్నా లేనట్టే లెక్క. ఇలాంటి సందర్భంలో డాక్టరు కులం అడిగితే తప్పుపట్టలేం. కులాన్ని కాపాడుకోవడానికి జన్యుశాస్త్రాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు మాత్రం ఈ ఉదాహరణను మరోసారి చదవాలి. అది గడప దాటని పెళ్లిళ్ల మూల్యాన్ని చూపిస్తోంది, స్వచ్ఛతను కాదు.

ఎత్తు, గుండె, చక్కెర

ఇంతవరకు చెప్పినవి ఒక్క జన్యువు దెబ్బతిన్నా బయటపడేవి. విశాఖ నగరంలో ఆసుపత్రుల వరుసలు నింపుతున్న మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఆ కోవలోవి కావు. వాటి వెనక వందల, వేల మార్పులు ఉంటాయి, ఒక్కొక్కటి చేసే పని చాలా చిన్నది. 2022లో 54 లక్షల మంది సమాచారంతో ఎత్తు మీద జరిగిన అధ్యయనంలో 12 వేలకు పైగా మార్పులు బయటపడ్డాయి. ఎత్తులో వంశపారంపర్యం 80 శాతం అంటారు. కాని గత నూరేళ్లలో దక్షిణ కొరియా ఆడవారి సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. నూరేళ్లలో జన్యువులు మారిపోవు, మారింది కంచంలో తిండి. 80 శాతం అన్న అంకె ఒకే రకమైన వసతులలో పెరిగినవారి మధ్య తేడాలకే వర్తిస్తుంది. వసతులు మారితే ఆ అంకె చెల్లదు. ఇంతటి మౌలికమైన విషయాన్ని పక్కన పెట్టి ‘ఇది మా వంశంలోనే ఉంది’ అని చేతులెత్తేయడం మన ఇళ్లలో మామూలు.

మధుమేహంలోనూ అంతే. తాతలు చోడి అంబలి తాగి కొండపోడు చేసిన కుటుంబం మూడో తరానికి పాలిష్ పట్టిన బియ్యం, కుర్చీలో ఉద్యోగం, రాత్రి పదింటికి భోజనం దగ్గరకు వచ్చింది. జీనోమ్ అదే. పడుతున్న భారం వేరు.

గుండె విషయంలో భారతీయులకు ప్రత్యేకించి తెలిసిన సంగతి ఒకటుంది. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు దక్షిణాసియాలో నూటికి నలుగురిలో ఉందని 2009లో తేలింది. వయసు మీద పడ్డాక గుండె కండరం బలహీనపడే ముప్పును ఇది పెంచుతుంది. అయినా దీన్ని మోస్తున్నవారిలో ఎందరో ఏ జబ్బూ లేకుండానే ఉన్నారు. మందుల వైపు నుంచి చూస్తే ఇంకా పనికివచ్చే సమాచారం దొరుకుతుంది. స్టెంట్ వేసుకున్నవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చాలి. బ్రిటన్‌లోని బంగ్లాదేశీ, పాకిస్తానీ సంతతివారిని పరిశీలిస్తే 57 శాతం మందిలో ఈ ఎంజైమ్ పని తక్కువగానో, అసలు లేకుండానో ఉంది. అలాంటివారికి వేరే మాత్ర ఉంది. జన్యు పరీక్షకు డబ్బు పెట్టదలచినవారు పిల్లవాడు క్రికెటర్ అవుతాడా అని చెప్పే ప్యాకేజీ బదులు ఇలాంటి ప్రశ్నకు పెట్టడం తెలివైన పని. ప్రతిభను కనిపెడతామనే పరీక్షలకు ప్రస్తుతం చెప్పుకోదగిన ఆధారం లేదు, వాటిని అమ్మేవారి ధైర్యం తప్ప.

అడ్డపొగ

క్యాన్సర్ జన్యువుల జబ్బే, కాని ఎక్కువ సందర్భాలలో వంశపారంపర్యం కాదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో చెప్పడానికి ఉత్తరాంధ్ర తీరం కంటే మంచి ఉదాహరణ లేదు. చుట్టను నిప్పున్న కొన నోట్లోకి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు ఇక్కడి మత్స్యకార పల్లెల్లో, ముఖ్యంగా ఆడవారిలో ఉండేది, పెద్ద వయసువారిలో ఇంకా ఉంది. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా రావడాన్ని విశాఖ వైద్యులు గమనించి, 1970లలో అంతర్జాతీయ వైద్య పత్రికలకు నివేదించారు. దెబ్బతిన్నది అంగిలి కణాలలోని డీఎన్ఏ. ఆ కణాలు అదుపు తప్పి పెరిగాయి. కాని అండంలోని, వీర్యకణంలోని డీఎన్ఏ చెక్కుచెదరలేదు కాబట్టి కూతురికి సంక్రమించేది జన్యువు కాదు, అలవాటు. మొత్తం క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన మార్పు వల్ల కలిగేవి ఐదు నుంచి పది శాతమే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయాక, పుట్టబోయే పిల్లల మీద దాని ప్రభావం ఉంటుందా అన్న భయం నగరాన్ని పట్టుకుంది. స్టైరీన్ శరీరంలో స్టైరీన్ ఆక్సైడ్‌గా మారి డీఎన్ఏకు అతుక్కోగలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల పదార్థాల జాబితాలో ఉంచింది. ఆ నిర్ణయానికి మనుషుల నుంచి దొరికిన ఆధారాలు ప్రధానంగా ఏళ్ల తరబడి కర్మాగారాలలో దాన్ని పీల్చిన కార్మికులవి. ఒక్క రాత్రి పీల్చినదానికీ, ఇరవై ఏళ్లు పీల్చినదానికీ తేడా ఉంది. ఆ తేడా ఎంతో తేల్చడానికి మార్గం ఆ ఊళ్లవారి ఆరోగ్యాన్ని ఏళ్లపాటు క్రమంగా నమోదు చేయడమే. దానికి జీనోమ్ యంత్రం కంటే ముందు ఒక రిజిస్టరు కావాలి.

ఎవరి డీఎన్ఏ, ఎవరి మేలు

జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 2020 జనవరిలో మొదలై, 80కి పైగా జనసమూహాల నుంచి పది వేల మంది జీనోమ్‌లను చదివింది. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇప్పటిదాకా ప్రపంచ జన్యు పరిశోధనలో అధిక భాగం ఐరోపా సంతతివారి మీదే నడిచింది. అక్కడి లెక్కలతో తయారైన ముప్పు అంచనాలు మనకు సరిగ్గా అతకవు. కాబట్టి ఈ పని అవసరమే. రక్తం ఇచ్చిన గూడేనికి తిరిగి ఏం దక్కుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు ప్రాజెక్టు నివేదికలలో వెతకవలసి రాకూడదు.

బీమా సంగతీ తేలలేదు. జన్యు సంబంధ జబ్బులన్నింటినీ గంపగుత్తగా పాలసీ నుంచి మినహాయించడం వివక్ష అని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు అన్నది. జన్యు వివక్షను నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. పాత వివక్ష ఒకటి చట్టంతో పని లేకుండానే నడుస్తోంది: బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి ఇచ్చే ఎక్స్ లేదా వై మీద ఆధారపడుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసినా, నింద కోడలి మీదే పడుతుంది.

మళ్లీ సికిల్ దగ్గరకు వస్తే, ఆచరణలో అన్నింటికంటే పెద్ద అడ్డంకి సమయం. కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో చూసే కోరియాన్ పరీక్షను, మాయ నుంచి చిన్న ముక్క తీసి, 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. అంతకు ముందే భార్యాభర్తలిద్దరి రక్తం పరీక్షించి ఉండాలి. గర్భస్రావ చట్టం 2021 సవరణ తరువాత కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా, పిండంలో తీవ్ర లోపాలున్నప్పుడు వైద్య మండలి అనుమతితో ఆ తరువాత కూడా అవకాశం ఇచ్చింది. కాగితం మీద వ్యవధి చాలినంత ఉంది. డోలీ మీద వాగు దాటించి తేవలసిన గూడెం నుంచి గర్భిణి ఐదో నెలలో తొలిసారి పీహెచ్‌సీకి వస్తే, రక్తం జిల్లా ప్రయోగశాలకు వెళ్లి, ఫలితం తిరిగి వచ్చి, భర్తను వలస పని నుంచి పిలిపించి పరీక్షించేసరికి ఆ వ్యవధి కరిగిపోతుంది. గర్భిణుల దగ్గర మొదలుపెట్టే కార్యక్రమం అందుకే ఆలస్యంగా మొదలైనట్టు. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఒకేచోట ఉంటారు, హాజరు పట్టీ ఉంటుంది, జీవశాస్త్రం చెప్పే మాస్టారూ ఉంటారు. ముందు వడపోత పరీక్ష, అందులో తేడా కనిపిస్తే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, ఆ ఫలితం విద్యార్థి చేతికే రహస్యంగా ఇచ్చి దాని అర్థం వివరించడం, ఇవన్నీ అక్కడ పెళ్లికి కొన్నేళ్ల ముందే అయిపోతాయి.